ఊ కొట్టే చోటు



కరపత్రంలో "మాస్టారి స్మారక ఉపన్యాసం" అని ఉందిగానీ ఏ మాస్టారో లేదు, అచ్చుతప్పా అని ఇందాక బయట ఇద్దరు ముగ్గురు అడిగారు. అచ్చుతప్పు కాదు. "నా పేరు మీద ఏమీ పెట్టొద్దు, పెట్టి తీరాలనుకుంటే పిల్లల పుస్తకాల గురించి ఏదైనా పెట్టుకోండి, పేరు మాత్రం వేయకండి" అని ఆయన శిష్యులకు చెప్పి పోయారు. పెద్దల మాట సగం వినడం మనకు అలవాటు. ఈ శిష్యులు రెండు సగాలూ విన్నారు.

నేను ఆయన దగ్గర చదువుకోలేదు. ఆయన్ని చూసింది కూడా రెండుసార్లే. మనిషిని చూడకముందు చేతిరాత చూశాను. నా మొదటి బొమ్మల పుస్తకం అచ్చయిన నెలకి ఒక పోస్టుకార్డు వచ్చింది. "పుస్తకం మా ఒకటో తరగతికి చదివి వినిపించాను. ఏనుగు బాగుంది. మీరు ఊపిరి తీసుకోకుండా చెప్పుకుపోయారు. పిల్లలు ఊ కొట్టడానికి చోటు లేదు." అంతే. కింద సంతకం, బడి చిరునామా. పొగడ్తలకు అలవాటుపడ్డ ప్రాణం కదా, నాకు కోపం వచ్చింది. కార్డు దాచిపెట్టాను. ఈ రోజు నేను చెప్పబోయేదంతా ఆ కార్డుకి రాయాల్సిన జవాబు. ఇరవై ఏళ్ళు ఆలస్యమైంది.

ముందు ఆ ఏనుగు సంగతి చెప్పాలి. ఎండాకాలం, నీళ్ళ ట్యాంకరు కోసం వీధి పొడుగునా బిందెలు వరసపెట్టి ఉంటాయి. ఒక చిన్నపిల్ల తన బిందెలోకి చూస్తే పిడికెడంత ఏనుగు ఉంటుంది. అది ఎన్ని నీళ్ళు తాగితే అంత పెరుగుతుంది. ఇదీ కథ. నేను మొదట రాసింది పధ్నాలుగు వందల మాటలు. ఏనుగు బూడిదరంగు, చెవుల ముడతలు, తొండం చివర తడి, వీధిలో ఎండ, ఎండలో రేకుల షెడ్లు, అన్నీ వర్ణించాను. బొమ్మలు వేసినాయన కాగితాలు తిరిగి పంపాడు. ప్రతి వర్ణన చుట్టూ పెన్సిలు గీత, పక్కన "ఇది నేను గీస్తాను". ఒక పేజీలో ఆ మాట తొమ్మిదిసార్లు ఉంది. పోట్లాడి పోట్లాడి ఆరు వందల మాటలు మిగుల్చుకున్నాను. మాస్టారు ఒకటో తరగతికి చదివింది ఆ ఆరు వందల మాటల్ని. రెండో ముద్రణకి వచ్చేసరికి నూట ఎనభై మిగిలాయి. పుస్తకం అప్పుడు పుస్తకమైంది.

ఊ కొట్టడం అంటే ఏమిటో తెలియనివారు ఈ హాల్లో ఉండరు. చెప్పేవాళ్ళు ఒకచోట ఆగుతారు. పక్కన పడుకున్నవాడు ఊ అంటాడు. అంటేనే కథ కదులుతుంది. అనకపోతే నిద్రపోయాడని లెక్క, దుప్పటి కప్పి దీపం తీసేయొచ్చు. మా అమ్మమ్మయితే పరీక్ష పెట్టేది. నేను నిద్రమత్తులో యాంత్రికంగా ఊ కొడుతున్నానని అనుమానం వస్తే, రాజుగారు గుర్రాన్ని మింగేశారని చెప్పేది. దానికీ ఊ అంటే కథ రేపటికి వాయిదా. అంటే ఆ ఊ అన్నిసార్లూ ఒకటి కాదు. విన్నాను అనే ఊ ఉంది, అయితే ఏమైంది అని సాగే ఊ ఉంది, భయంతో దగ్గరికి జరిగి గొంతులోంచి వచ్చే ఊ ఉంది. అమ్మమ్మ ఆ తేడా చెవితో పట్టి తర్వాతి వాక్యం ఎంత పొడుగు ఉండాలో అప్పటికప్పుడు నిర్ణయించేది.

బొమ్మల పుస్తకంలోకి వచ్చేసరికి ఆ ఊ పేజీ తిప్పడంగా మారింది. నాకు ఈ సంగతి కార్డు వచ్చిన ఆరేడేళ్ళకి గానీ బోధపడలేదు.

చిన్నపిల్లల బొమ్మల పుస్తకం బయటి దేశాల్లో మామూలుగా 32 పేజీలు ఉంటుంది. దీని వెనక గొప్ప సిద్ధాంతమేమీ లేదు. పెద్ద కాగితాన్ని మడిస్తే 16 పేజీల ఫారం వస్తుంది. రెండు ఫారాలు కలిపితే పుస్తకం. మన దగ్గర ఖర్చు చూసుకుని 16తోనో 24తోనో సరిపెడతారు. పేరు, ప్రచురణ వివరాలు వగైరా పోగా 32లో కథకి మిగిలేవి పన్నెండో పదమూడో జంటపేజీలు. పిల్లవాడు అన్నిసార్లే పేజీ తిప్పుతాడు. తిప్పే ముందు ఒక క్షణం వాడికి తెలియదు, తిప్పాక తెలుస్తుంది. వింత అనేది ఆ రెంటి నడుమ పుడుతుంది. బిందెలో ఏనుగు ఉందని మూత తీయకముందే నేను చెప్పేస్తే, పేజీ తిప్పాక వాడు చూసేది వింత కాదు, నా మాటకి సాక్ష్యం.

ఇక్కడ మన భాషకి ఒక చిక్కు ఉంది. పిల్లల కోసం రాసేవాళ్ళు దీన్ని కాస్త పట్టించుకోవాలి. ఇంగ్లీషులో క్రియ ముందు వస్తుంది, చూసిన వస్తువు చివర వస్తుంది. ఫలానా పిల్ల చూసింది అని ఈ పేజీలో చెప్పి, దేన్ని చూసిందో మరుసటి పేజీకి దాచుకోవచ్చు. తెలుగులో క్రియ చివర. "పాపకు బిందెలో ఒక ఏనుగు కనిపించింది" అన్నప్పుడు ఏనుగు వాక్యం నడుమలోనే బయటపడిపోతుంది. "కనిపించింది" అనేది భోజనాలయ్యాక వచ్చిన చుట్టంలాగా చివర నిలబడుతుంది. అనువాదమైన బొమ్మల పుస్తకాలు చాలావాటిలో ఇదే జరుగుతుంది. బొమ్మలు ముందే ఇంకో భాష వరసకి కుదిరిపోయి ఉంటాయి. తెలుగు వాక్యాన్ని అందులో కుక్కుతారు. దాచాల్సింది పేజీ తిప్పకముందే బయటపడుతుంది.

కానీ ఈ చిక్కుని మన అమ్మమ్మలు ఎప్పుడో విప్పేశారు. వాళ్ళు కనిపించింది దగ్గర ఆగరు. "తలుపు తీసి చూస్తే..." అని ఆగుతారు. "తీరా వెళ్ళేసరికి...", "అలా అడుగు పెట్టగానే...", "ఇంతలో..." అని ఆగుతారు. తే, సరికి, గానే. ఈ మూడింటి దగ్గర గొంతు పైకి లేచి నిలబడుతుంది. వినేవాడు ఊ అనక తప్పదు. పేజీ తిప్పే చోటు మన వ్యాకరణంలోనే ఉంది. మనం దాన్ని పుస్తకాల్లో వాడటం మానేశాం. నా మొదటి ముద్రణలో "లక్ష్మి బిందెలోకి తొంగిచూసింది. అందులో ఒక చిన్న ఏనుగు ఉంది" అని ఉండేది. రెండోసారి "బిందె ఎత్తబోతే బరువు. మూత తీసి చూస్తే..." అని ఆపాను. పేజీ తిప్పితే రెండు పేజీలకూ పరుచుకుని బిందె లోపలి చీకటి, అడుగున రెండు కళ్ళు. మాట ఒక్కటే, "గుటుక్కు". ఏనుగు నీళ్ళు మింగిన చప్పుడు అది. గుటుక్కు, బుడుంగు, చటుక్కు, పుటుక్కు, తటాలు. ఇలాంటి మాటలు తెలుగులో ఉన్నన్ని ఉండగా బొమ్మల పుస్తకానికి విశేషణాలతో పనేమిటో నాకు అర్థం కాదు. రంగూ రూపమూ బొమ్మ చెబుతుంది. చప్పుడు మాత్రం బొమ్మకి చేతకాదు. అది మనం చూసుకోవాలి.

బొమ్మా మాటా పని ఎలా పంచుకుంటాయో చెప్పడానికి ప్రపంచమంతా చూపించే పుస్తకం ఒకటుంది. నేనూ దాన్నే చూపిస్తాను, కొత్తది వెతికి తెచ్చానని చెప్పుకోడానికి ఇంకోదాన్ని ఎంచుకోను. మోరిస్ సెండాక్ 1963లో చేసిన "వేర్ ది వైల్డ్ థింగ్స్ ఆర్". మొత్తం మాటలు 338. మాక్స్ అనే పిల్లవాడు తోడేలు వేషం వేసుకుని ఇల్లంతా అల్లరి చేస్తాడు. వాళ్ళమ్మ అన్నం పెట్టకుండా గదిలోకి పంపేస్తుంది. గదిలో అడవి మొలుస్తుంది. పడవ ఎక్కి వెళ్ళి వింతజంతువులకి రాజవుతాడు. ఇల్లు గుర్తొచ్చి తిరిగి వస్తాడు. కథ ఇంతే, ఎవరైనా అరనిమిషంలో చెప్పేయొచ్చు.

ఇప్పుడు పుస్తకం తెరవండి. మొదటి బొమ్మ చిన్నది, చుట్టూ బోలెడు తెల్లకాగితం. అల్లరి పెరిగేకొద్దీ బొమ్మ పెరుగుతుంది. గదిలో చెట్లు మొలిచేకొద్దీ అంచులు కరిగిపోతాయి. బొమ్మ ఒక పేజీ అంతా నిండి, పక్కపేజీలోకి పాకుతుంది. జంతువులతో గంతులేసే చోటికి వచ్చేసరికి మూడు జంటపేజీల్లో ఒక్క మాట కూడా ఉండదు. బొమ్మ అంతటినీ ఆక్రమించేసింది. తర్వాత మళ్ళీ మాటలు వస్తాయి, బొమ్మలు తగ్గుతాయి. చిట్టచివరి పేజీలో బొమ్మే లేదు. గదిలో ఎదురుచూస్తున్న అన్నం ఇంకా వేడిగానే ఉందని మాటలు మాత్రం ఉంటాయి. పుస్తకం మొత్తంలో అమ్మ బొమ్మ ఎక్కడా వేయలేదు. అయినా ఆవిడ వచ్చి వెళ్ళిందని నాలుగేళ్ళ పిల్లకి తెలుస్తుంది. అన్నం వేడిగా ఉంది కదా మరి! ఆ "వేడిగా" మీద కూడా తగాదా జరిగిందట. పిల్లలు నోరు కాల్చుకుంటారేమో, గోరువెచ్చగా అందాం అన్నారట ప్రచురణకర్తల వైపు వాళ్ళు. సెండాక్ ఒప్పుకోలేదు. గోరువెచ్చని అన్నం ఎవరైనా ఎప్పుడైనా పెట్టి ఉండొచ్చు. పొగలు కక్కే అన్నం ఇప్పుడే ఎవరో పెట్టి ఉండాలి.

ఆ జంతువుల పుట్టుక ఇంకా ముచ్చటైనది. సెండాక్ మొదట అడవిగుర్రాల కథ అనుకున్నాడు. గుర్రాలు గీయడం చేతకాలేదు. అప్పుడు చిన్నప్పుడు బ్రూక్లిన్‌లో తమ ఇంటికి ఆదివారాలు వచ్చే చుట్టాలు గుర్తొచ్చారు. పోలండ్ నుంచి వలస వచ్చిన యూదు కుటుంబం వాళ్ళది. పాచిపళ్ళూ, ముక్కులో వెంట్రుకలూ మొహం మీదికి తెచ్చి, బుగ్గలు గిల్లి, ఎంత ముద్దొస్తున్నావో నిన్ను తినేస్తాను అనేవారట. వంటింట్లో అన్నం ఆలస్యమైతే నిజంగా తినేస్తారేమో అని పిల్లాడి భయం. నేను ఇది చదివి హాయిగా నవ్వుకున్నాను. మనింట్లో "కొరుక్కు తినేస్తా" అనని మేనత్త ఉందా? ఆ పిల్లాడి భయం నాకు పరాయిది కాదు. అదే భయం నుంచి మనవాళ్ళు ఒక్క పుస్తకం ఎందుకు చేయలేదా అని మాత్రం ఆలోచనలో పడ్డాను.

ఆ పుస్తకానికి మరుసటి ఏడాది, అమెరికాలో బొమ్మల పుస్తకాలకిచ్చే కాల్డెకాట్ పతకం వచ్చింది. తిట్లూ వచ్చాయి. పేరుమోసిన మనస్తత్వవేత్త బ్రూనో బెటిల్‌హైమ్ 1969లో ఒక ఆడవాళ్ళ పత్రికలో, అన్నం పెట్టకుండా పంపేసే అమ్మ కథ పిల్లల్ని బెదరగొడుతుందని రాశాడు. పుస్తకం చూడకుండానే రాశాడు. తల్లులు చెప్పింది విని రాశాడట. పిల్లల పుస్తకాల మీద తీర్పులు చాలావరకు ఇలాగే వస్తాయి.

మన దగ్గర అభ్యంతరం వేరే రూపంలో వస్తుంది. లేనిపోనివి చెప్పి పిల్లల్ని చెడగొడుతున్నారు, శాస్త్రీయ దృక్పథం ఏమైపోవాలి అంటారు. సోవియట్ దేశంలో ఈ గొడవ పెద్ద ఎత్తునే జరిగింది. పిల్లల కవి కోర్నెయ్ చుకోవ్‌స్కీ రాసిన మొసలి కథ మీద లెనిన్ భార్య క్రూప్‌స్కయా 1928లో ప్రావ్దా పత్రికలో విరుచుకుపడింది. ఆయన జవాబు పిల్లల నోటినుంచి తెచ్చాడు. రెండేళ్ళు ఇంకా నిండని ఆయన కూతురు ఒకరోజు పరుగెత్తుకొచ్చి, కుక్క మ్యావ్ అంటుందని చెప్పి పడిపడి నవ్వింది. కుక్క ఏమంటుందో దానికి తెలుసు. తెలుసు కాబట్టే నవ్వింది. తెలియని పిల్ల ఆ ఆట ఆడలేదు. తలకిందుల ఆట నిజాన్ని చెరపదనీ, నిజం చేతికి చిక్కిందని పిల్ల పండగ చేసుకోవడమే అదనీ ఆయన వాదన. ఆయన పుస్తకం "రెండు నుంచి ఐదు" పిల్లల కోసం రాసేవాళ్ళు కొనుక్కుని దగ్గర పెట్టుకోవాల్సింది.

అంత దూరం ఎందుకు, మన చందమామనే చూడండి. 1952 నుంచి 1980 దాకా దాన్ని నడిపిన కొడవటిగంటి కుటుంబరావు ఎంత హేతువాదో చెప్పక్కర్లేదు. ఆ పత్రిక నిండా రాక్షసులు, మాంత్రికులు, చెట్టుకు వేలాడే శవంలో భేతాళుడు. ఆయనకి ఇబ్బంది అనిపించలేదు. పిల్లలకీ అనిపించలేదు.

ఎందుకు అనిపించలేదో కూడా మన భాషలోనే ఉంది. కథ చెప్పేటప్పుడు "ఉన్నాడు, వెళ్ళాడు" అనం. "ఉన్నాడట, వెళ్ళాడట, అప్పుడేమో రాక్షసి వచ్చిందట" అంటాం. ఆ "ట" చిన్నదేగానీ దాని పని పెద్దది. నేను చూడలేదు, ఎవరో చెప్పారు, నిజమని నేను పూచీ పడను, అబద్ధమనీ అనను. ఇంత ఒప్పందమూ ఒక్క అక్షరంలో జరిగిపోతుంది. పాలు తాగే వయసు నుంచి ఈ ట వింటూ పెరిగిన పిల్లకి కథకీ వార్తకీ తేడా ఎవరూ నేర్పక్కర్లేదు. అచ్చులోకి వచ్చేసరికి మనం ఈ ట తీసేసి "ఒక అడవిలో ఒక సింహం నివసిస్తూ ఉండేది" అని పాఠ్యపుస్తకం భాష ఎత్తుకుంటాం. నివసించే సింహం నాకెక్కడా తగల్లేదు. సింహాలు ఉంటాయి, అంతే. నాలుగేళ్ళ పిల్ల తనంతట తాను చదవదని మరిచిపోతున్నాం. చదివేది వాళ్ళమ్మో, తాతో, అంగన్‌వాడీ టీచరో. మనం రాసేది వాళ్ళ నోటి కోసం. నోరు తిరగని వాక్యం ఎంత అందంగా అచ్చయినా ఉపయోగం లేదు.

అలాగని వింత అంటే ఏదైనా జరగొచ్చని కాదు. కొత్తగా రాసేవాళ్ళు నాకు పంపే రాతప్రతుల్లో పదింట ఏడు ఇక్కడే చెడతాయి. ఎగిరే చెప్పులు, మాట్లాడే పెన్సిలు, కోరిన వరమిచ్చే చేప అన్నీ ఒకే కథలో ఉంటాయి. చివర అదంతా కల. కల అని ముగించడం చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. పిల్లని అంతదూరం తీసుకెళ్ళి, నువ్వు వెళ్ళనేలేదు పొమ్మనడం అది.

ఏడు చేపల కథ గుర్తుచేసుకోండి. చేప మాట్లాడుతుంది, గడ్డిమేటు మాట్లాడుతుంది. ఎలా అని ఎవరూ అడగరు. కానీ ఒక్కొక్కరు చెప్పే కారణం చూడండి, కోర్టులో నిలబడుతుంది. చేప ఎండలేదు, ఎందుకంటే మేటు అడ్డం వచ్చింది. మేటు తగ్గలేదు, ఆవు మేయలేదు. పాలేరు ఆవుని విప్పలేదు, అవ్వ వాడికి అన్నం పెట్టలేదు. అవ్వ పెట్టలేదు, పిల్లాడు ఏడ్చాడు. పిల్లాణ్ణి చీమ కుట్టింది. ఊళ్ళను బట్టి ఒకటి రెండు లంకెలు మారొచ్చు, కారణం లేని లంకె మాత్రం ఎక్కడా ఉండదు. ఇక చీమని అడిగితే, నా పుట్టలో వేలు పెడితే కుట్టనా అంటుంది. అంతటితో కథ అయిపోయింది. చేప ఎండిందా లేదా ఎవరికీ పట్టదు. ఎవరికీ శిక్ష లేదు, నీతి లేదు. ఇంత ధైర్యమైన ముగింపు ఈ రోజు ఏ ప్రచురణకర్తకి పంపినా "చివర ఏదో తగ్గింది" అని జవాబు వస్తుంది.

నా ఏనుగుకీ అదే జవాబు వచ్చింది. పేరు అనవసరం, ఒక ప్రచురణ సంస్థ, చివరి పేజీలో "నీటిని పొదుపు చేద్దాం" అని ఒక వాక్యం పెడితే బడులకు వందల ప్రతులు అమ్ముతామంది. నేను ఒప్పుకున్నాను. ఇది ఇక్కడ చెప్పుకోడానికి సిగ్గుగానే ఉంది. మొదటి ముద్రణలో ఆ వాక్యం ఉంది, కావాలంటే చూడొచ్చు.

అది ఎలా పోయిందో చెబుతాను. కార్డు మీద కోపం తగ్గాక మాస్టారి బడికి వెళ్ళాను. ఆయన్ని మొదటిసారి చూడటం అప్పుడే. ఒకటో తరగతి పిల్లలు నేల మీద కూర్చున్నారు. పుస్తకం నన్నే చదవమన్నారు. చివరి పేజీ అయ్యాక నీతివాక్యం చదివితే ఎవరూ కదల్లేదు. బడిలో అలాంటి వాక్యాలు రోజూ వింటారు కాబట్టి అది వాళ్ళ చెవికి తగలనే లేదు. ఒక పిల్ల మాత్రం చెయ్యెత్తి అడిగింది. "నీళ్ళు తాగితే పెద్దదైంది కదా, మరి ఉచ్చ పోస్తే మళ్ళీ చిన్నదవుతుందా?" అందరూ గొల్లుమన్నారు. నేనూ నవ్వాను. మాస్టారు నవ్వలేదు. "అడిగింది కదండీ, చెప్పండి" అన్నారు.

చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. నీళ్ళకు తగ్గట్టు పెరుగుతుందని నియమం పెట్టింది నేను. ఆ నియమాన్ని నాకంటే శ్రద్ధగా పాటించింది ఆరేళ్ళ పిల్ల. తాగితే పెరిగేది, నీళ్ళు వదిలితే తగ్గాలి కదా! రెండో ముద్రణలో ముగింపు అలాగే మార్చాను. ట్యాంకరు రాలేదు. బిందెలు ఖాళీ. చెరువంత పెరిగిన ఏనుగు తొండం ఎత్తి, వీధిలో ప్రతి బిందెలోకీ నీళ్ళు చిమ్ముతుంది. ఒక్కో బిందె నిండేకొద్దీ ఏనుగు ఒక్కో మెట్టు చిన్నదవుతుంది. చివరి జంటపేజీలో మళ్ళీ పిడికెడు ఏనుగు, బిందె అడుగున నిద్రపోతోంది. మాటలు లేవు. నీతివాక్యం తీసేశారేమిటని ఎవరూ అడగలేదు.

మనకి బొమ్మల పుస్తకం బయటినుంచి వచ్చిన వస్తువనే భావం ఒకటి ఉంది. చేర్యాల నకాశీ పటాలు చూసినవాళ్ళు ఆ మాట అనరు. చింతగింజల అంబలి, సుద్దమట్టి పట్టించిన గుడ్డ, ఎర్రటి నేపథ్యం, గడులు గడులుగా కథ. చెప్పేవాడు పటాన్ని కొంచెం కొంచెంగా విప్పుతూ, పుల్లతో చూపిస్తూ పాడతాడు. ఇంకా విప్పని చుట్టలో ఏముందో జనానికి తెలియదు. అది పేజీ తిప్పడం కాకపోతే మరేమిటి? పద్మశాలీలకు మార్కండేయ పురాణం అలా బొమ్మల్లోనే అందింది.

చందమామ దారి వేరు. దాసరి సుబ్రహ్మణ్యం పేరు కూడా వేసుకోకుండా రాసిన తోకచుక్క, రాకాసిలోయ లాంటి ధారావాహికలకు చిత్రా వేసిన బొమ్మలు, భేతాళ కథలకు శంకర్ వేసిన బొమ్మలు ఎన్ని తరాల కళ్ళలో ఉండిపోయాయో మనకు తెలుసు. కానీ అక్కడ కథ మాటల్లో సంపూర్ణంగా ఉంటుంది. బొమ్మ దానికి తోడు నిలుస్తుంది. బొమ్మ తీసేసినా కథ అర్థమవుతుంది. పైగా అది చదవడం వచ్చిన పిల్లలకి. చదవడం రాని మూడేళ్ళ, నాలుగేళ్ళ పిల్లల కోసం, బొమ్మ తీసేస్తే కుంటుపడే కథని మొదటే తెలుగులో ఆలోచించి చేసినవి ఎన్ని? చెన్నైలో తూలిక ప్రచురణ సంస్థ వాళ్ళు తెలుగులోనూ పుస్తకాలు వేస్తున్నారు. ప్రథమ్ బుక్స్ వాళ్ళు 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ వెబ్‌సైటులో కథలు ఉచితంగా దొరుకుతాయి. "మంచి పుస్తకం" అనే సంస్థ వాళ్ళు ఎక్కడెక్కడివో తెచ్చి అతి తక్కువ ధరకి ఇస్తున్నారు. ఇదంతా మంచి పనే, నేను కొనుక్కుంటాను, పంచుతాను. చాలావరకు అనువాదాలే అన్నది కూడా నిజం. రచయితలు మనకి లేరా అంటే ఉన్నారు. వాళ్ళకి బొమ్మలు వేసేవాళ్ళతో ఒక బల్ల దగ్గర కూర్చునే అవకాశం లేదు. కథ ఒకచోట ఒప్పుకుంటారు, బొమ్మ ఇంకోచోట వేయిస్తారు. ఇద్దరూ పుస్తకం అచ్చయ్యాక ఆవిష్కరణ సభలో కలుస్తారు.

బొమ్మ వేసేవాడి చూపులోంచే పుట్టిన పుస్తకం ఒకటుంది, తార బుక్స్ వాళ్ళు 2004లో వేశారు. మధ్యప్రదేశ్ గోండు చిత్రకారుడు భజ్జూ శ్యామ్‌ని లండన్‌లో ఒక రెస్టారెంటు గోడలకు బొమ్మలు వేయడానికి పిలిచారు. తిరిగి వచ్చి ఆయన తను చూసిన లండన్ గీశాడు. విమానం రెక్కలున్న ఏనుగు. అంత బరువు గాల్లోకి లేవడం ఆయన దృష్టిలో ఏనుగు ఎగరడమే. బిగ్ బెన్ గడియారం కోడిపుంజు, రెండూ పొద్దు చెబుతాయి కాబట్టి. ఇది చిన్నపిల్లల కోసమే చేసిన పుస్తకం కాదు. కానీ పిల్లలు లోకాన్ని చూసేది సరిగ్గా అలాగే. మెట్రో రైలుని మొదటిసారి చూసిన మన పిల్ల దాన్ని ఏమనుకుందో ఎవరైనా అడిగారా? అడిగితే ఒక పుస్తకం అక్కడే ఉంటుంది.

సమయం అయిపోతోందని అధ్యక్షులవారు చూస్తున్నారు. ఒక్క సంగతి చెప్పి దిగుతాను.

మాస్టారు చేరినప్పుడు ఆ బడిలో కథల పుస్తకాలు ఇనప బీరువాలో ఉండేవి. తాళం పెద్దసారు దగ్గర. పుస్తకం పోతే స్టాకు రిజిస్టరులో ఎవరు జవాబు చెప్పాలి అన్నది భయం. మాస్టారు రెండు కిటికీల మధ్య పురికొస కట్టి, ఉతికిన బట్టల్లాగా పుస్తకాలన్నీ దండెం మీద ఆరేశారు. పిల్లల భుజానికి అందే ఎత్తులో. పోయిన వాటికి తన జీతంలోంచి కట్టేవారు. చిరిగిన వాటిని శనివారం మధ్యాహ్నం పిల్లలతోనే అతికించేవారు. ఆయన రిటైరయ్యాక తాడు తీసేశారు, పుస్తకాలు మళ్ళీ బీరువాలోకి వెళ్ళాయి. నేను మొన్న వెళ్ళి చూశాను, నా ఏనుగు కూడా లోపలే ఉంది.

ఈ ఉపన్యాసానికి నాకు ఇవ్వదలచిన సంభావనతో బొమ్మల పుస్తకాలు కొని ఆ బడికి ఇవ్వమని కార్యదర్శిగారిని కోరుతున్నాను. తాడు నేను తెచ్చాను, వేదిక మీద ఆ సంచిలో ఉంది. రేపు వెళ్ళేవాళ్ళు రెండు మేకులు, ఒక సుత్తి పట్టుకెళ్ళండి.